పరిశోధన - అమానతు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు వలస పోతాయి. ఊరు విడిచినా వారికి ఊరి మాట దూరం కాదు. మేస్త్రీ ఎగవేసిన కూలి, ఇంటి వద్ద తల్లి జబ్బు, అప్పుపై పెరిగిన వడ్డీ, ఆడపిల్ల పెళ్ళి సంబంధం - ఇవన్నీ నేడు వాట్సాప్ గ్రూపులలో నడిచే సంభాషణలు. వలసలపై సిద్ధాంత వ్యాసం వ్రాస్తున్న విద్యార్థి ఒకడు అటువంటి గ్రూపులో చేరాడనుకుందాం. మూడు నెలలు నోరు మెదపక, అందరి మాటలూ భద్రపరచుకొని, పేర్లు కొట్టివేసి, తన వ్యాసంలో ఉదహరించాడు. అతడు అబద్ధం వ్రాయలేదు. ఎవరి సొమ్మూ తీయలేదు. అయినా అతడు చేసింది ధర్మమేనా?

దీనికి తరచుగా వినవచ్చే సమాధానం, "వాళ్ళే బయటపెట్టుకున్న మాటలు గదా!" అని. 2016లో డెన్మార్కుకు చెందిన కొందరు ఓకే క్యుపిడ్ అనే పరిచయాల వేదిక నుండి సుమారు 70 వేల మంది వివరాలను సేకరించి, వాడుక పేర్లతో సహా ప్రకటించారు. వయస్సు, మతం, దాంపత్య విషయాలపై అభిప్రాయాలు కూడా అందులో ఉన్నాయి. ఆక్షేపణ రాగా వారు చెప్పుకున్నదీ ఇదే: ఈ సమాచారం ముందే బహిరంగంగా ఉన్నది, మేము కూర్చి పెట్టామంతే! కాని ఆ కూర్పులోనే హాని ఉన్నది. చెదురుగా ఉన్నప్పుడు ఎవరి కంటా పడని మాట, ఒకచోట కుప్ప పోసినప్పుడు మనిషిని పట్టి ఇస్తుంది.

ఆ హాని ఎటువంటిదో ముస్లిం కుటుంబాలకు వేరుగా వివరించనక్కరలేదు. 2021లో ఒకసారి, 2022 జనవరిలో మరొకసారి, ముస్లిం మహిళలు తామే తమ ఖాతాలలో ఉంచుకున్న చిత్రాలను దుర్మార్గులు ఎత్తుకుపోయి, వేలంపాట పేరుతో ప్రదర్శించారు. అది పరిశోధన కాదు, నేరం. కేసులు నమోదైనాయి, అరెస్టులూ జరిగాయి. కాని "బయట ఉన్నది గనుక తీసుకోవచ్చు" అనే వాదం ఎంత దూరం పోగలదో ఆ ఉదంతం చూపింది.

ఇక పేర్లు తీసివేస్తే చాలునా? 2008లో అమెరికాలో ఒక కళాశాలకు చెందిన సుమారు 1,700 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను, విద్యార్థుల పేర్లే గాక కళాశాల పేరు కూడా దాచిపెట్టి, పరిశోధకులు విడుదల చేశారు. కొద్ది రోజులలోనే అది హార్వర్డ్ అని తేలిపోయింది. అక్కడ బోధించే పాఠ్య విషయాల పట్టికే గుట్టు విప్పింది. పైగా వివరాలు సేకరించిన సహాయకులలో కొందరు ఆ కళాశాల వలయంలోనివారే గనుక, బయటివారికి కనిపించని వివరాలు కూడా వారికి కనిపించి ఉండవచ్చునన్న ఆక్షేపణ వచ్చింది. అంత పెద్ద విద్యాలయం సంగతే ఇట్లా ఉంటే, ఎమ్మిగనూరు మాట చెప్పాలా! "మగ్గం వదిలి బెంగుళూరు పోయిన, ముగ్గురు ఆడపిల్లల తండ్రి" అని వ్రాస్తే, వీధి చివర టీ అంగట్లో కూర్చున్నవాడు ఆ మనిషి పేరే గాక తాత పేరు కూడా చెప్పగలడు.

ఇస్లామీయ ధర్మంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. దివ్యఖుర్ఆన్ అన్-నూర్ సూరా 27వ ఆయతులో పరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించటాన్ని, అల్-హుజురాత్ సూరా 12వ ఆయతులో ఇతరుల గుట్టు ఆరా తీయటాన్ని నిషేధించింది. ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం) గారి గదిలోకి రంధ్రం గుండా తొంగి చూసిన ఉదంతం బుఖారీలో ఉన్నది. అనుమతి కోరటమనే నియమం ఏర్పడింది చూపు కారణంగానే అని ఆ సందర్భంలో ఆయన స్పష్టం చేశారు. అంటే గడప దాటకపోయినా, చూపు దాటితే అతిక్రమణే.

అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలోని మరొక హదీసు ఈ విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది. ఒక మనిషి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట విన్నవానికి అది అమానతు అవుతుందని దాని భావం. "ఇది రహస్యం" అని అతడు నోటితో చెప్పనక్కరలేదు. మెడ తిప్పి చూడటమే చాలు. తెలిసినవారు తప్ప మరెవరూ లేరనుకొని గ్రూపులో వ్రాసే కూలివాడు అటూ ఇటూ చూసి మాట్లాడినవాడే గదా.

అయితే పరిశోధనే వద్దా? అట్లా అనటం తొందరపాటు. హదీసు పండితులు ఉల్లేఖకుల జ్ఞాపకశక్తిని, నిజాయితీని బహిరంగంగా విమర్శించారు. 'జర్హ్ వ తాదీల్' అనే ఆ శాస్త్రం ధర్మరక్షణకు అవసరం గనుక పండితులు దానిని పరోక్షనింద క్రింద చేర్చలేదు. కాని అవసరమున్నంత మేరకే విమర్శించాలన్నారు. ఉల్లేఖనతో సంబంధం లేని ఇంటి లోగుట్టు జోలికి పోరాదన్నారు. ఈ కొలబద్ద నేటికీ పనికి వస్తుంది. 2020లో కరోనా వ్యాధిని ముస్లిములకు అంటగట్టి సాగిన విషప్రచారాన్ని పోగుచేసి, లెక్కగట్టి, లోకానికి చూపినవారు పరిశోధకులే. వేలమందిని రెచ్చగొట్టటానికి అన్న మాటను ఉదహరించటానికి అన్నవాని అనుమతి ఎందుకు? మేస్త్రీ మీద విసుక్కున్న కూలివాని మాట అటువంటిది కాదు.

గ్రూపు అడ్మిన్ అనుమతి ఇచ్చాడు గదా అని మరొక సాకు. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా వేసిన పరిశోధనా పథకంలో, విచారణ జరిపినవారు పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 2,763 పత్రాలపై హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసి ఉన్నారు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకం అది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఈ పద్ధతిని తీవ్రంగా తప్పు పట్టింది. టీకా వేరు, మాట వేరు, నిజమే. కాని ఒకరి అనుమతిని మరొకరు ఇవ్వజాలరన్నది రెండింటికీ ఒకటే.

చట్టం ఇక్కడ కొంతవరకే తోడు వస్తుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం, మనిషి తానై బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుండి తప్పించింది. పరిశోధనకూ షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ వదిలిన చోటును పూరించవలసింది పరిశోధకుని తఖ్వాయే.

భాష సంగతి కూడా ఉన్నది. ఆదోని ప్రాంతపు దక్కనీ ఉర్దూలో సగం మాట ఎకసక్కెం. దానిని తెలుగు, కన్నడ పదాలతో కలిపి ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తారు. కోపమెంత, సంతోషమెంత అని లెక్కగట్టే యంత్రానికి 'నక్కో' నిరాకరణో నవ్వులాటో ఎట్లా తెలుస్తుంది? స్నేహితుల పరిహాసం బెదిరింపుగా పట్టికకెక్కితే, సవరించటానికి ఆ మనిషికి కబురైనా అందదు.

మొదట చెప్పిన విద్యార్థికి దారి లేకపోలేదు. గ్రూపులో చేరిన రోజునే తానెవరో, ఎందుకు వచ్చాడో, వారికి అర్థమయ్యే దక్కనీలో చెప్పవచ్చు. ఉదహరించదలచిన ప్రతి మాటకు ఆ మనిషినే అడగవచ్చు, వద్దంటే వదలవచ్చు. ఒకరు వ్రాసి, తెల్లవారి తుడిచివేసుకున్న మాట తన కంప్యూటరులో మిగిలి ఉంటే, దానిని తానూ తుడిచివేయవచ్చు. వ్యాసంలో కొన్ని పుటలు తగ్గుతాయి.