మీకు తెలుసా? టప్పాలు పాడిన లెక్కల టీచరమ్మ

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాద్ మీదుగానే పోతుంది. పడమటి కొసన ఉన్న పుణె హిందుస్తానీ కచేరీలకు పెట్టింది పేరు. అక్కడి రసికులు చెవి కోసుకునే గాయని ఒకరు ఈ దారిలోని మన హైదరాబాద్‌లోనే కాపురముండేవారు. పేరు మాలినీ రాజూర్కర్.

● ముందు లెక్కలు, తర్వాత స్వరాలు: ఆమె 1941లో పుట్టి, రాజస్థాన్‌లో పెరిగారు. గణితంలో పట్టా పుచ్చుకుని, అజ్మీర్‌లోని సావిత్రి బాలికల విద్యాసంస్థలో మూడేళ్లు లెక్కలు చెప్పారు. ఆ తర్వాత స్కాలర్‌షిప్ రావడంతో ఆ ఊరి సంగీత కళాశాలలో చేరారు. అక్కడ గోవిందరావు రాజూర్కర్, వసంతరావు రాజూర్కర్ ఆమె గురువులు. వసంతరావుగారినే పెళ్లాడారు.

● ఈ 'ఘరానా' వేరు: ఘరానా అనగానే మనకు దొంగో, మోసమో గుర్తొస్తుంది. హిందుస్తానీలో ఆ మాటకు గురుశిష్య పరంపరగా వచ్చే ఇంటి బాణీ అని అర్థం. మాలినిగారిది గ్వాలియర్ ఘరానా. హిందుస్తానీలో ప్రధాన గానరీతి అయిన ఖయాల్‌కు తల్లివేరు లాంటిది. ఖయాల్, తరానాలతో పాటు టప్పాను కూడా ప్రాణంగా కాపాడుకున్న బాణీ ఇది.

● ఒంటెల వెంట పుట్టిన పాట: పంజాబ్ ఎడారి దారుల్లో ఒంటెలు తోలేవాళ్ల పాటలే టప్పాకు మూలమంటారు. 18వ శతాబ్దంలో వాటికి శాస్త్రీయ రూపమిచ్చిన ఘనత లక్నోకు చెందిన షోరీ మియాది. నేటికీ టప్పాల సాహిత్యం ఎక్కువగా పంజాబీలోనే ఉంటుంది.

● ఎందుకంత కష్టం? ఖయాల్‌లో రాగాన్ని తీరిగ్గా విప్పుకుంటూ పోవచ్చు. టప్పాలో ఆ వెసులుబాటు లేదు. మొదటి మాట నుంచే విరుపులు, మెలికలు, బుల్లి బుల్లి తాన్‌లు (వేగంగా సాగే స్వరవరుసలు). గొంతు ఒకచోట నిలిచేలోపే మరోచోటికి గెంతాలి. ఎంత గెంతినా తాళం ఎత్తుగడ దగ్గరికి గురి తప్పకుండా వచ్చి వాలాలి. అందుకే దీన్ని పాడేవాళ్లు తక్కువ. మాలినిగారికి దేశమంతా పేరు తెచ్చింది ఇదే.

● మరాఠీ నాటకాల్లోకీ: శాస్త్రీయ కచేరీలతో ఆగకుండా మరాఠీ నాటకాల పాటలైన నాట్యగీతాలూ పాడారు. మహారాష్ట్రలో రాగాల పేర్లు తెలియని ఇళ్లలోకి కూడా ఆమె గొంతు వెళ్లింది ఆ పాటలతోనే.

● వేదికలు: పుణె సవాయి గంధర్వ ఉత్సవం, గ్వాలియర్ తాన్‌సేన్ సమారోహ్, ముంబై గుణిదాస్ సమ్మేళనం, ఢిల్లీ శంకర్‌లాల్ ఉత్సవం... అన్నిచోట్లా పాడారు. 2001లో సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 2023 సెప్టెంబరు 6న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

● మళ్లీ మన దారిలోని జహీరాబాద్‌కు వద్దాం. ఈ ఊరు ఒకప్పుడు ఏ జిల్లా? బీదర్! 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే దాకా ఈ తాలూకా ఆ జిల్లాలోనే ఉండేది. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో కలిసి బతికిన కాలమది. అజ్మీర్‌లో నేర్చుకుని, పంజాబీ మాటల టప్పాలూ మరాఠీ పాటలూ పాడుతూ మాలినిగారు హైదరాబాద్‌లో ఇమిడిపోయారంటే వింతేముంది? నాలుగు భాషల మధ్య బతకడం ఈ నేలకు ముందునుంచీ అలవాటే.