కనిపించే మర్యాద, కనిపించని మర్యాద

విదేశీ అతిథి ఇంటికొస్తే కట్టూ, భోజనం, పలకరింపుల్లో తేడాలు ఇట్టే కనిపిస్తాయి. చిక్కంతా కనిపించని వాటితోనే. వడ్డిస్తుంటే మనం మొహమాటానికి “వద్దు” అంటాం. మళ్లీ అడుగుతారని తెలుసు. అమెరికాలో “వద్దు” అంటే సాధారణంగా వద్దనే అర్థం. అక్కడ మనవాడు అర్ధాకలితో లేస్తాడు. ఇక్కడ వారికి మన కొసరి వడ్డింపు బలవంతంలా తోస్తుంది. ఇద్దరిదీ మర్యాదే!

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో ‘బియాండ్ కల్చర్’ గ్రంథంలో ఈ సంగతే వివరించారు: కొన్ని సమాజాల్లో భావం మాటల్లోనే ఉంటుంది, కొన్నింటిలో సందర్భంలో దాగి ఉంటుంది.

అందుకే నొచ్చుకునేముందు “మీ వైపు దీన్నెలా అనుకుంటారు?” అని అడగాలి. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో, తమిళమో, ఒడియానో మాట్లాడే మనకు ఈ ఓర్పు కొత్తేమీ కాదు.