పాట ఆగలేదు... లాప్‌టాప్ ఆగిపోయింది!

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి చెల్లి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

"అన్నయ్యా, మాక్ టెస్ట్ మధ్యలో లాప్‌టాప్ బిగుసుకుపోయింది. నెక్స్ట్ నొక్కితే ప్రశ్న మారదు, టైమర్ మాత్రం పరుగెడుతోంది."

తను గేట్‌కి చదువుతోంది. వెనకాల నుంచి నాన్న గొంతు వినిపిస్తోంది. "ఇక ఆ డొక్కు లాప్‌టాప్ వద్దులేరా, ఈఎంఐలో కొత్తది తీసుకుందాం." ఆ డొక్కు నాదే. బీటెక్ మొదటి సంవత్సరంలో కొన్నది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్క్.

"అప్పుడు ఇంకేం నడుస్తోంది?" అని అడిగా.

"ఏం లేదు, పాటలు అంతే. పాట బాగానే వస్తోంది. ఆ యాప్ విండో మాత్రం తెల్లగా అయిపోయింది."

టెస్ట్ రాస్తూ పాటలేంటే అని తిట్టబోయి ఆగాను. ఆఫీసులో నేను చేసేదీ అదే కదా! పైగా, తను చెప్పిన ఆ చివరి మాటలోనే సగం జబ్బు దొరికింది.

మ్యూజిక్ యాప్ 'స్లో' అంటే రెండు రకాలు. పాట మధ్యలో ఆగి, గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మొదలైతే అది నెట్ సమస్య. పాట చక్కగా వస్తూ, విండో మాత్రం కదలకపోతే అది మీ కంప్యూటర్ సమస్య. పాటలో ముందు రాబోయే ముక్క ఎప్పుడో డౌన్‌లోడ్ అయిపోయి ఉంటుంది కాబట్టి, తెర బిగుసుకుపోయినా పాట సాగిపోతుంది. అసలు పాటకి పెద్ద నెట్ అక్కర్లేదు కూడా. 320 కేబీపీఎస్ క్వాలిటీలో నాలుగు నిమిషాల పాట అంటే దాదాపు 9.6 ఎంబీ. వాట్సాప్‌లో మామయ్య పంపే గుడ్ మార్నింగ్ వీడియోలు రెండు కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటాయి. రూటర్ ఆపి ఆన్ చేయడం ఈ రెండో రకానికి మందు కాదు.

వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని లాప్‌టాప్ వైపు తిప్పమన్నా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చాలామంది అందులో సీపీయూ అంకె చూసి మూసేస్తారు. దాని పక్కన మెమరీ, డిస్క్ అని ఇంకో రెండు గడులున్నాయి, చూడాల్సింది అవే. చెల్లి చదివింది: సీపీయూ 30, మెమరీ 94, డిస్క్ 100.

"ఈ పాటల యాప్ పేరు ఒక్కసారి కాదు, ఐదారు సార్లు కనిపిస్తోందేంటి? వైరసా?" అంది.

వైరస్ కాదు. ఇది చాలామందికి తెలియని సంగతి. డెస్క్‌టాప్ మీద మనం వాడే మ్యూజిక్ యాప్‌లలో చాలావాటి లోపల ఒక చిన్నసైజు క్రోమ్ బ్రౌజర్ దాక్కుని ఉంటుంది. స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్ క్రోమియం ఇంజిన్ మీదే నడుస్తుంది. డిస్కార్డ్, స్లాక్ లాంటివి ఎలక్ట్రాన్ అనే దాని మీద కట్టారు, అందులోనూ ఉన్నది క్రోమియమే. బొమ్మలు గీయడానికి ఒక ప్రాసెస్, గ్రాఫిక్స్‌కి ఒకటి, నెట్‌కి ఒకటి అని విడివిడిగా నడుస్తాయి. అంటే మాక్ టెస్ట్ ఒక క్రోమ్‌లో, పాటలు ఇంకో క్రోమ్‌లో. 4 జీబీ ఇంట్లో రెండు ఉమ్మడి కుటుంబాలు! ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలిన సామాను తీసుకెళ్లి హార్డ్ డిస్క్ మీద పెడుతుంది. ఆ డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అందుకే టెస్ట్‌లో నెక్స్ట్ నొక్కితే క్యూలో నిలబడాల్సొచ్చింది.

ఇంతవరకూ బాగానే ఊహించా. తర్వాత నేనో పొరపాటు చేశా. ఇంటర్నెట్‌లో ఎవరినడిగినా మొదట చెప్పే చిట్కా "హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపెయ్". నేనూ అదే చెప్పా. యాప్ మూసి తెరిచాక ప్లేలిస్ట్ కిందకి జరుపుతుంటే ముందుకంటే ఘోరంగా ముక్కలు ముక్కలుగా కదిలింది, సీపీయూ 80 దాటింది. కారణం సులువే. ఈ స్విచ్ ఆన్‌లో ఉంటే తెర గీసే పని గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. ఆపేస్తే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైనవాళ్లకి ఆపితే లాభం, మిగతావాళ్లకి నష్టం. స్పాటిఫైలో అయితే ఇది సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ కింద ఉంటుంది. ఒకసారి మార్చి చూడండి, తేడా రాకపోతే వెంటనే వెనక్కి పెట్టేయండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

మళ్లీ ఆన్ చేయించి క్యాష్ వైపు వెళ్లాం. విన్న పాటల ముక్కలు, ఆల్బమ్ బొమ్మలు యాప్ మన డిస్క్‌లో దాచుకుంటుంది. తన సి డ్రైవ్‌లో మిగిలింది 3 జీబీ, ఈ యాప్ ఫోల్డర్ ఒక్కటే 9 జీబీ. సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాష్ నొక్కించా. ఇక్కడ ఒక జాగ్రత్త: క్యాష్ వేరు, ఆఫ్‌లైన్ కోసం మీరు డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు వేరు. ఏ బటన్ దేన్ని తుడుస్తుందో చదివి నొక్కండి. ప్లేలిస్ట్‌లకు మాత్రం భయం లేదు, అవి మీ అకౌంట్‌తో పాటు కంపెనీ సర్వర్లలో ఉంటాయి.

చోటు దొరికింది. కానీ డిస్క్ ఇంకా 100 దగ్గరే ఉంది. ఐదు నిమిషాలైనా దిగలేదు.

ఒక్కోసారి తప్పు నిజంగా యాప్‌దే అవుతుంది. 2016లో స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్ ఏ పాటా మోగకపోయినా జీబీలకు జీబీలు డిస్క్ మీద రాస్తోందని జనం పట్టుకున్నారు. తన డేటాబేస్ ఫైల్‌ని సర్దుతూ, మళ్లీ మళ్లీ రాయడమే దానికి కారణం. రాతలకి ఒక పరిమితి ఉండే ఎస్ఎస్‌డీలకి అది మంచిది కాదు. ఆ నవంబర్‌లో 1.0.42 వెర్షన్‌తో సరిచేశారు. అందుకే అప్‌డేట్ వచ్చిందంటే 'రేపు చూద్దాం' అనకూడదు. చెల్లిది లేటెస్ట్ వెర్షనే. మరి ఏంటి?

"లోకల్ ఫైల్స్ ఆన్‌లో ఉందా?" అని అడిగా.

"ఆ, ఉంది. నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పాటలు కూడా ఇందులోనే వింటారుగా."

"ఏ ఫోల్డర్ ఇచ్చారు?"

"ఫోల్డర్ ఏంటి... డి డ్రైవ్ మొత్తం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ డి డ్రైవ్‌లో నా నాలుగేళ్ల ఇంజినీరింగ్ చరిత్ర మొత్తం ఉంది. ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి నాలుగైదు కాపీలు, ఒక్కో కాపీలో నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్. కోడ్ రాసేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక్క ఫోల్డర్‌లోనే వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. పాపం ఆ యాప్ తెరిచిన ప్రతిసారీ ఎక్కడైనా పాట దొరుకుతుందేమోనని ఆ చెత్తంతా ఫోల్డర్ ఫోల్డర్ దిగి వెతుకుతోంది. తిరిగే హార్డ్ డిస్క్‌కి చిన్న ఫైళ్ల వెతుకులాటే అన్నిటికంటే కష్టం. దాని సూది ఇల్లిల్లూ తిరగాలి మరి. టెస్ట్ పాడుచేసింది పాటల యాప్ కాదు, నేను ఖాళీ చేయకుండా వదిలేసిన డ్రైవ్!

నాన్న పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి మార్పించి, ఆ ఫోల్డర్ మాత్రమే ఇచ్చాం. డిస్క్ అంకె 100 నుంచి 15కి దిగింది. విండోస్‌తో పాటు యాప్ దానంతటదే లేచే ఆప్షన్ కూడా ఆపించా. ఇంకోటి, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే యాప్ మూసుకున్నట్టు కనిపిస్తుంది కానీ కొన్నిసార్లు గడియారం పక్కన దాక్కుని నడుస్తూనే ఉంటుంది. అక్కడ రైట్ క్లిక్ చేసి క్విట్ కొడితేనే పోతుంది.

ఇవేవీ పనిచేయకపోతే తీసేసి మళ్లీ వేసుకోవడమే. కానీ మామూలుగా అన్ఇన్‌స్టాల్ చేస్తే పాత చెత్త యాప్‌డేటా ఫోల్డర్‌లో మిగిలిపోవచ్చు, కొత్త యాప్ వచ్చి దాన్నే ఎత్తుకుంటుంది. రన్ బాక్స్‌లో ముందొక శాతం గుర్తు, యాప్‌డేటా, వెనకొక శాతం గుర్తు కొడితే అక్కడికి వెళ్తారు. యాప్‌డేటా బదులు లోకల్‌యాప్‌డేటా అని కొడితే రెండో చోటు. రెండు చోట్లా ఆ యాప్ పేరున్న ఫోల్డర్ తీసేసి అప్పుడు వేసుకోండి. డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు పోతాయి, వైఫై ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ర్యామ్ మరీ తక్కువైతే యాప్ మానేసి బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌గా వినడం మేలు. ఎలాగూ ఒక క్రోమ్ తెరిచే ఉంటుంది, రెండోది ఎందుకు? పరీక్ష రోజైతే అదీ వద్దు, పాటలు ఫోన్‌కి వదిలేయండి.

కొత్త లాప్‌టాప్ కొనలేదు. నాన్నని ఒప్పించి హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించి, ఇంకో 4 జీబీ ర్యామ్ కలిపించాం. మొత్తం ఖర్చు దాదాపు రెండు నెలల ఈఎంఐ అంత. చెల్లి ఆ టెస్ట్‌ని బుధవారం మళ్లీ రాసింది, ఈసారి పాటలు ఫోన్‌లో పెట్టుకుని. మార్కులు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నిన్న నాన్న ఫోన్ చేసి, "ఒరే, ఆ నోడ్ ఏదో ఉంది చూడు, అది తీసెయ్యొచ్చా?" అన్నారు. తీసెయ్యమన్నా.