వామిలో పోయేదెంత, యంత్రానికి పెట్టేదెంత?

రొళ్ల మండలంలో రెండు ఆవులున్న ఇంటికి ఏడాదికి ఎంత ఎండుమేత కావాలి? ఆవుకు రోజుకు ఆరు కిలోలు వేసుకున్నా దాదాపు 4,400 కిలోలు. కిలో ఎనిమిది రూపాయలనుకుంటే 35,000 రూపాయల సరుకు. ఈ మండలం ఉన్న పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. పచ్చిమేత దొరికే నెలలు తక్కువ కాబట్టి రాగి గడ్డి, వేరుశనగ కట్టె వేసిన వామే వేసవిని దాటించాలి. అందుకే యంత్రం ధర అడిగే ముందు వామిలో ఎంత పోతోందో చూడమంటాను.

వానాకాలపు వేరుశనగ పీకేది ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. తుఫాను ముసుర్లు పట్టేదీ అప్పుడే. మబ్బు చూసి, కట్టె ఆరకముందే వామి వేసేస్తారు. తేమ 20 శాతం దాటి ఉంటే బూజు, బ్యాక్టీరియా మేతలోని చక్కెరలను తింటూ వేడి పుట్టిస్తాయి. గడ్డి ఆ వేడిని దుప్పటిలా లోపలే పట్టి ఉంచుతుంది. వేడి ముదిరితే మాంసకృత్తులు చక్కెరలతో బిగుసుకుపోతాయి. అలాంటి మేత గోధుమరంగుకు తిరిగి కమ్మటి వాసన వేస్తుంది, పశువు ఇష్టంగానే తింటుంది, కానీ అందులోని మాంసకృత్తులు సరిగా అరగవు. 70 డిగ్రీలు దాటిందంటే దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. కొత్త వామిలోకి గడ్డపార దింపి, పావుగంట తర్వాత తీసి పట్టుకుంటే చేతికి తెలిసిపోతుంది.

కట్టెలో మిగిలిన కాయలకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయింది ఈ విషమున్న వేరుశనగ పిండి తినే. మేతలో ఉంటే అది పాలలోకీ దిగుతుంది. బూజు పట్టిన మేతను మంచిదాంట్లో కలిపి వేయడం పొదుపు కాదు.

మరీ ఎండినా నష్టమే. వేరుశనగ మేతలో బలమంతా ఆకులోనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మోపులు కడితే ఆ ఆకు పొడిపొడిగా చేలోనే రాలిపోతుంది. తెల్లవారి పూట, ఆకు కాస్త మెత్తబడి ఉన్నప్పుడు ఎత్తితే నిలుస్తుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇక వామి కొలత. వానకు, ఎండకు చుట్టూ 15 సెంటీమీటర్ల మందం పాడవుతుందనుకుందాం. రెండు మీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి వామిలో ఆ పొరే 28 శాతం. నాలుగు మీటర్ల వామిలో 14 శాతం. పైకప్పు లేక ఏటా 15 శాతం పోయినా 5,000 రూపాయలకు పైగా మట్టిపాలైనట్టే. నేల తేమ ఎక్కకుండా అడుగున రాతి బండలు, నీళ్లు జారేలా నడుమ ఎత్తుగా పేర్చిన పైభాగం, దాని మీద గట్టిగా బిగించిన టార్పాలిన్. ఏ ఖర్చయినా ఇక్కడ మొదలుపెట్టాలి.

గడ్డి కట్టలు కట్టే బేలర్ మాటకొస్తే, ధర నాలుగు లక్షలు, ఎనిమిదేళ్లు పనిచేస్తుందనుకుందాం. అరుగుదల, వడ్డీ, మరమ్మతులు కలిపి ఏడాదికి 80,000 పడుతుంది. బాడుగకు కట్టిస్తే కట్టకు 40 రూపాయలు, సొంతంగా కడితే డీజిలు, దారం, కూలి కలిపి 25 అయితే మిగిలేది 15. ఏడాదికి 5,300 కట్టలు కడితే గాని పెట్టుబడి తిరిగిరాదు. మన రెండావుల ఇంటికి కావాల్సినవి 15 కిలోల కట్టలు మూడు వందలలోపే! బేలర్ పదిమంది కలిసి కొనాల్సిన వస్తువు, లేదంటే బాడుగకు పిలవాల్సింది. చాఫ్ కట్టర్ వేరు. చొప్ప కాడలను ముక్కలు చేస్తే గాటిలో పశువు వదిలేసేది తగ్గుతుంది, చేత్తో తిప్పే చిన్న యంత్రం రెండావులకు సరిపోతుంది.

రెండిళ్లవాళ్లు కలిసి ఒకే పెద్ద వామి వేస్తే పాడయ్యే పొర తగ్గుతుందని పై లెక్కే చెబుతోంది. అయితే ఒక్క నిప్పురవ్వకు రెండిళ్ల మేతా పోతుంది. కాబట్టి ఆ కాస్త లాభం వదులుకున్నా సరే, రెండు వాములుగా, కరెంటు తీగలకూ ఇళ్లకూ దూరంగా, ఒకదానికంటుకున్న మంట రెండోదాన్ని అందుకోలేనంత ఎడంగా వేసుకోవాలి.