నాడీమండలము – నొప్పి చేయు మేలు

వంటయింట తల్లి పనిలో నుండగా ప్రక్కనున్న పిల్లవాఁడు తెలియక పొయ్యిమీఁది పెనమును ముట్టుకొనును. ముట్టుకొన్నదే తడవుగా చేయి వెనుకకు వచ్చును. ఆ పిమ్మట "అమ్మా!" యను కేక వినవచ్చును. ఇందొక వింత గలదు. నొప్పి తెలిసినందున వాఁడు చేయి తీసికొనలేదు; చేయి తీసికొన్నపిమ్మటనే వానికి నొప్పి తెలిసినది. ఇది యెట్లు జరిగెనో గ్రహించినచో మన దేహమందలి నాడీమండలముయొక్క నిర్మాణము చాలవఱకు బోధపడును.

నాడీమండలము రెండు భాగములుగా నున్నది. మెదడును వెన్నుపామును కలిసి కేంద్రభాగము. వానినుండి బయలువెడలి దేహమంతటను వ్యాపించు నాడులు రెండవ భాగము. మెదడు పుఱ్ఱె యను గట్టి పెట్టెలో మూఁడు పొరలచేఁ గప్పఁబడి, ఒక స్వచ్ఛమైన ద్రవములో తేలుచున్నట్లుండును. పెద్దవారి మెదడు ఇంచుమించు 1,300 మొదలు 1,400 గ్రాముల తూఁకముండును. ఇందు పెద్దమెదడు ఆలోచనకును, జ్ఞాపకమునకును, మాటకును స్థానము. దాని వెనుక క్రిందుగా నున్న చిన్నమెదడు శరీరము తూలిపోకుండ కాపాడును. సైకిలు త్రొక్కువాఁడు పడిపోకుండుటకు ఇదియే ముఖ్యమైన సహాయము. అడుగున నున్న మజ్జాముఖము మనము నిద్రించుచున్నను ఊపిరిని, గుండె నడకను ఏమఱక చూచుచుండును.

వెన్నుపాము చిటికెనవ్రేలి లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున, వెన్నెముక లోపలి నాళములో నుండును. మెదడునుండి 12 జతల నాడులును, వెన్నుపామునుండి 31 జతల నాడులును బయలుదేరును. వీనిలోని తంతువులు రెండు తెగలు. చర్మము, కన్ను, చెవి మొదలైనవానినుండి వార్తలను లోపలికిఁ దెచ్చునవి జ్ఞానతంతువులు. లోపలి యాజ్ఞలను కండరములకుఁ గొనిపోవునవి చాలకతంతువులు.

ఈ తంతువులు దేనితోఁ జేయఁబడినవి? పందొమ్మిదవ శతాబ్దిలో పండితులకు ఇది పెద్ద సమస్యగా నుండెను. నాడులన్నియు వలవలె ఒండొంటితో అతుకుకొని యున్నవని చాలమంది తలఁచిరి. 1873లో ఇటలీదేశపు కామిల్లో గాల్గీ వెండిలవణములతో నాడీకణములకు నల్లరంగు పట్టించు పద్ధతిని కనుఁగొనెను. స్పెయిన్‌దేశపు సాంటియాగో రామోన్ ఇ కహాల్ 1888 మొదలు ఆ పద్ధతితోనే సూక్ష్మదర్శినిలోఁ బరిశీలించి, ప్రతి నాడీకణమును వేఱువేఱుగా నున్నదనియు, అవి అతుకుకొనలేదనియుఁ జూపెను. 1906లో వారిరువురకు నోబెల్ బహుమానము కలిపి యీయఁబడెను. అప్పటి యుపన్యాసమున సయితము గాల్గీ తన పాత వాదమును విడువలేదు. అయినను కాలము కహాల్ పక్షముననే తీర్పు చెప్పినది.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని నేఁటి లెక్క. ఒక్కొక్క కణమునకు మూఁడు భాగములు. నడుమ కణదేహము; దానిచుట్టు చెట్టుకొమ్మలవలె చీలియున్న పొట్టి శాఖలు; ఒక ప్రక్కగా వెడలు పొడవైన తంతువు. శాఖలు వార్తను గ్రహించును; తంతువు దానిని ముందుకుఁ బంపును. ఈ తంతువును ఆక్సాను అందురు. నడుము వద్దనుండి కాలివ్రేళ్లవఱకుఁ బోవు ఆక్సాను ఇంచుమించు ఒక మీటరు పొడవుండును. లావు మాత్రము వెండ్రుకకంటె ఎంతో తక్కువ.

నాడులలోని ఆక్సానులను ష్వాన్ కణములను సహాయకణములు అంటిపెట్టుకొని కాపాడును. ఇవి అనేకమైన ఆక్సానులపై మైలిను అను క్రొవ్వుపొరను చుట్టును. ఈ పొర తీగెపై రబ్బరు తొడుగువంటిది. నడుమనడుమ సన్నని సందులుండుటచే వార్త సందునుండి సందునకు గంతులు వేయుచుఁ బోవును. ఈ వార్త విద్యుత్సంబంధమైనదే గాని, తీగెలో విద్యుత్తు పాఱునంత వేగముగాఁ బోదు. దానిని కొలుచుట యసాధ్యమని కొందఱు తలఁచుచుండగా, 1850లో జర్మనీదేశపు హెల్మ్‌హోల్ట్జ్ కప్పకాలి నాడిపై ప్రయోగముచేసి, వేగము సెకనుకు సుమారు 30 మీటర్లని తేల్చెను. మైలిను గల లావైన తంతువులలో ఇది సెకనుకు 100 మీటర్లు దాఁటును. మైలిను లేనివానిలో ఒకటి రెండు మీటర్లు మాత్రమే.

కణములు అతుకుకొననిచో వార్త ఒకదానినుండి మఱియొకదానికి ఎట్లు పోవును? చాలచోట్ల ఆ సూక్ష్మమైన యెడమును రసాయనద్రవ్యములు దాఁటును. 1921లో ఆటో లోవీ దీనిని రెండు కప్పగుండెలతో నిరూపించెను. ఒక గుండెయొక్క నాడిని ప్రేరేపింపఁగా దాని నడక మందగించెను. ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ గుండెపైఁ బోయఁగా అదియు మందగించెను! ఈ ప్రయోగము తనకు కలలోఁ దోఁచెననియు, మొదటి రాత్రి వ్రాసికొన్నది తెల్లవాఱిన పిమ్మట చదువరాలేదనియు, మరునాఁటి రాత్రి మరల తోఁపఁగా లేచి ప్రయోగశాలకు పోతిననియు ఆయనయే చెప్పెను.

ఇఁక పెనమును ముట్టుకొన్న పిల్లవాని సంగతి. వ్రేలి చర్మములోని నాడీకొనలు వేడిని గ్రహించెను. జ్ఞానతంతువు ఆ వార్తను వెన్నుపామునకుఁ జేర్చెను. వెన్నుపాము మెదడును అడుగక, తానే చాలకతంతువుల ద్వారా చేతికండరములకు ఆజ్ఞ పంపెను, మోచేయి ముడిచెను. దీనిని అసంకల్పిత ప్రతీకారచర్య యందురు. అదే సమయమున మఱియొక వార్త మెదడునకుఁ బోయెను. ఆ దారి దూరము, మజిలీలు నెక్కువ. కావుననే బాధ తరువాతఁ దెలిసెను. మొదట చుఱుక్కుమని, కొంత తడవునకు సలుపుచు, రెండు నొప్పులుగాఁ దోఁచుటకును కారణమిదియే: ఒకటి మైలినుగల తంతువులలోను, రెండవది మైలిను లేనివానిలోను వచ్చును.

నొప్పి లేకుండినచో ఎంత బాగుండునని మనము తలఁతుము. అట్టివారు ఎంత దురవస్థ పాలగుదురో కుష్ఠరోగులను జూచినఁ దెలియును. గాల్గీ తన పద్ధతిని ప్రకటించిన 1873లోనే నార్వేదేశమున హాన్సెన్ ఈ రోగమునకుఁ గారణమైన సూక్ష్మజీవిని కనుఁగొనెను. ఆ జీవి పైఁజెప్పిన ష్వాన్ కణములలో నివసించి నాడులను చెఱచును. అప్పుడు స్పర్శ పోవును. నిప్పు కాలినను, ముల్లు దిగినను, చెప్పు ఒరసినను రోగికిఁ దెలియదు. తెలియని గాయము పుండగును. పుండు ఎముకవఱకుఁ బోవును. వ్రేళ్లు రోగముచేఁ గుళ్లి రాలునని లోకులు భ్రమపడిరి. అవి పొట్టివగుటకు ముఖ్యకారణము నొప్పిలేని గాయములే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ ఈ సత్యమును నొక్కిచెప్పి, వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సచే మరల పని నేర్పెను. మన తెలుగునాఁట నిజామాబాదు మండలపు డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, మందులు నేఁటివలె లేని దినములలోనే, ఈ రోగులకై పాటుపడెను.

నేఁడు మందులకుఁ గొదవలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళౌషధ చికిత్సచే ఈ రోగము పూర్తిగా నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో దీనిని ఉచితముగా నిత్తురు. అయితే ఒక హెచ్చరిక. మందు సూక్ష్మజీవిని చంపును గాని, బహుకాలము చెడియున్న నాడిని తిరిగి బ్రతికింపఁజాలదు. కావున దేహముపై పాలిపోయిన మచ్చ కనఁబడి, అచట స్పర్శ తగ్గినచో, సిగ్గుపడక వెంటనే వైద్యునికిఁ జూపవలెను. దాఁచిన ప్రతిమాసమును వ్రేళ్లకు చేటు తెచ్చును.

విద్యార్థులారా! మీలో నెవరైన కుష్ఠరోగిని జూచి ముఖము త్రిప్పుకొన్నచో, అతఁడు కోలుపోయినదేమో జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. పెనము తాఁకిన పిల్లవానిని క్షణములోఁ గాపాడిన కావలివాఁడు అతని చేతిలో లేఁడు. ఆ కావలి పనిని మన కన్నులు చేయవచ్చును: అతని పాదమున గాయమున్నదని మనము చెప్పవచ్చును, వైద్యశాలకు తోడుపోవచ్చును. మనకు నొప్పి తెలియుచున్నందులకు మనము చెల్లింపఁదగిన ఋణమిదియే.