దొనకొండ మీదుగా ఒక హన్సా: సిమ్యులేటర్ విమానానికి ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి?

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సొంత విమానం ఎగరేయాలని ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురికైనా అనిపిస్తుంది. వాళ్లలో ఎక్కువమంది పది రోజులు తిరక్కుండానే వదిలేస్తారు. చాలావరకు తెలివి తక్కువై కాదు, ఎంపిక తలకిందులుగా మొదలుపెట్టడం వల్ల. "బెస్ట్ త్రీడీ సాఫ్ట్‌వేర్" అని వెతుకుతారు, యూట్యూబ్‌లో ఎవరో డోనట్ చేస్తుంటే చూస్తారు, ఆ డోనట్‌కీ మన విమానానికీ సంబంధమేంటో అర్థంకాక మూసేస్తారు. నిజానికి ముందు అడగాల్సింది "నా విమానం ఏ సిమ్యులేటర్‌లో ఎగరాలి?" అని. అది తేలితే సాఫ్ట్‌వేర్ సగం తేలినట్టే.

ఎందుకంటే సిమ్యులేటర్ లెక్కలో విమానమంటే రెండు వేరు వేరు వస్తువులు. ఒకటి కంటికి కనిపించే బొమ్మ. రెండోది గాలిలో దాని నడవడి, అంటే ఫ్లైట్ మోడల్. ఫ్లైట్‌గేర్‌లో ఈ రెండూ పూర్తిగా విడివిడి. మీరు రెక్కను ఎంత అందంగా చెక్కినా ఎగరడంలో ఆవగింజంత తేడా రాదు. ఎగరడమంతా జేఎస్‌బీసిమ్ లేదా యాసిమ్ అనే ఇంజన్లకు మనం రాసిచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. ఎక్స్-ప్లేన్ దారి వేరు. దాంతోపాటే వచ్చే ప్లేన్ మేకర్‌లో రెక్క పొడవు, వెడల్పు, వాలు ఇస్తే, సిమ్యులేటర్ ఆ రెక్కను ముక్కలుగా కోసి ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపిస్తుందో లెక్కగడుతుంది. దీన్నే బ్లేడ్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. అక్కడ ఆకారం తప్పితే ఎగరడమూ తప్పుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బొమ్మ జీఎల్‌టీఎఫ్ రూపంలో పోతుంది, నడవడి వేరే కాన్ఫిగ్ ఫైళ్లలో ఉంటుంది. కాకపోతే ఆ గేమ్ నడిచే సిస్టమ్ మన హాస్టల్లో ఎంతమంది దగ్గర ఉందో మీకే తెలుసు.

ఇప్పుడు మెకానికల్ వాళ్లకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. "మాకు సాలిడ్‌వర్క్స్ వచ్చు కదా, అందులోనే చేసేస్తాం" అంటారు. క్యాడ్ సాఫ్ట్‌వేర్ వస్తువును లోపలిదాకా నిండిన గట్టి ముద్దగా చూస్తుంది. ఒంపులను లెక్క ప్రకారం కచ్చితంగా దాచుకుంటుంది. మిల్లింగ్ మెషిన్‌కి అదే కావాలి. సిమ్యులేటర్‌కి కావాల్సింది మెష్, అంటే వెదురు బుట్ట అల్లి పైన కాగితం అంటించినట్టు, త్రిభుజాలతో అల్లిన ఒట్టి పైతొడుగు. క్యాడ్ ఫైలును మెష్‌గా మారిస్తే సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు త్రిభుజాలు పరుస్తుంది. ఎవరికీ కనపడని చిన్న ఫిల్లెట్ మీద వేల త్రిభుజాలు, చూపంతా పడే ముక్కు మీద పొడవాటి సూదుల్లాంటి త్రిభుజాలు. బొమ్మ బరువెక్కుతుంది, వెలుగు పడితే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, దాని మీద పెయింట్ వేయడం నరకం. బుట్ట అల్లేవాడికి ఎక్కడ బద్దలు దగ్గరగా వేయాలో, ఎక్కడ దూరంగా వేస్తే చాలో తెలుసు. మెష్ మోడలింగ్‌లో నేర్చుకోవాల్సింది కూడా ఆ ఒడుపే.

అందుకే నా ఓటు బ్లెండర్‌కి. ఉచితం కాబట్టి మాత్రమే కాదు. 2002లో జనం లక్ష యూరోలు పోగేసి దాన్ని కంపెనీ చేతుల్లోంచి విడిపించారు, అప్పట్నించి ఓపెన్ సోర్స్. ఇవాళ పైన చెప్పిన మూడు సిమ్యులేటర్లకూ దాన్నించి దారి ఉంది. ఫ్లైట్‌గేర్ ఎక్కువగా వాడే ఏసీ ఫార్మాట్‌కి యాడ్-ఆన్ ఉంది, ఎక్స్-ప్లేన్‌కి ఎక్స్‌ప్లేన్‌టుబ్లెండర్ ఉంది, మైక్రోసాఫ్ట్ వాళ్లదానికీ ఎక్స్‌పోర్టర్ ఉంది. తెరిస్తే భయపెట్టే మాట నిజమే, వందల బటన్లు. విమానానికి కావాల్సినవి పదీ పన్నెండు. జీ అంటే జరపడం, ఆర్ అంటే తిప్పడం, ఎస్ అంటే పెంచడం తగ్గించడం, ఈ అంటే బయటికి లాగడం, కంట్రోల్-ఆర్ అంటే మధ్యలో ఇంకో వరస అల్లడం. మిర్రర్ మాడిఫయర్ పెడితే ఎడమ రెక్క చేస్తుంటే కుడిది దానంతటదే తయారవుతుంది. మిగతా బటన్లు సినిమావాళ్లవి, వాటి జోలికి పోవద్దు.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు వెర్షన్ చూసుకోవాలి. బ్లెండర్ 4 వరస నడవాలంటే గ్రాఫిక్స్ ఓపెన్‌జీఎల్ 4.3 ఇవ్వగలగాలి. పాత ల్యాబ్ సిస్టమ్‌లో అది తెరుచుకోకపోతే 2.79 దించుకోండి, ఓపెన్‌జీఎల్ 2.1 ఉన్నా నడుస్తుంది. వెర్షన్‌కి సరిపడే యాడ్-ఆన్‌నే తీసుకోవాలి, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. ఏసీత్రీడీ చిన్నది, తేలిక, ఒక్క సాయంత్రంలో చేతికొస్తుంది, కానీ డబ్బు పెట్టి కొనాలి. త్రీడీఎస్ మ్యాక్స్ విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తారు, కానీ బరువైనది, విండోస్ మీదే నడుస్తుంది. టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ వెర్షన్ మాత్రం వద్దు. సాఫ్ట్‌వేర్‌తో పాటు వైరస్ వస్తే మీ రికార్డులూ ప్రాజెక్టూ అన్నీ పోతాయి. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే జీమ్యాక్స్ ఎప్పుడో ఆగిపోయింది. స్కెచప్‌తో హ్యాంగర్లు, టవర్లు కట్టుకోండి, విమానం ఒంపులకు అది పనికిరాదు. నాసా నుంచి 2012లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన ఓపెన్‌వీఎస్‌పీ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. రెక్క పొడవు, వాలు, ఒంపు అంకెలుగా ఇస్తే క్షణంలో విమానం ఆకారం నిలబెడుతుంది. ఏరోడైనమిక్స్ మీద ఆసక్తి ఉంటే దాంతో సొంత డిజైన్ తేల్చుకుని, బ్లెండర్‌లో దాని కొలతల మీద మెష్ అల్లుకోవచ్చు.

మొదటి విమానంగా తేజస్ పెట్టుకోకండి. బోయింగ్ అసలే వద్దు. బెంగళూరు ఎన్‌ఏఎల్ వాళ్ల హన్సా తీసుకోండి. 1993 నవంబర్‌లో మొదటిసారి ఎగిరింది, ఇద్దరు పక్కపక్కన కూర్చునే శిక్షణ విమానం. రెక్కల చివర నుంచి చివరకు 10.47 మీటర్లు, పొడవు 7.6 మీటర్లు. చక్రాలు లోపలికి ముడుచుకోవు కాబట్టి యానిమేషన్ పని సగం తగ్గుతుంది. ముందు, పక్క, పైనుంచి చూపే మూడు బొమ్మలు బ్లెండర్‌లో వెనక పెట్టుకుని, యూనిట్లు మీటర్లుగా పెట్టి, 16 పలకల గొట్టంతో బాడీ మొదలుపెట్టండి. మొత్తం పదివేల త్రిభుజాల లోపే ముగించొచ్చు.

మూడు విషయాలు మొదటి రోజే పాటిస్తే తర్వాత ఏడవక్కర్లేదు. ఫ్లైట్‌గేర్‌లో ఎక్స్ అక్షం తోకవైపు పెరుగుతుంది, అంటే ముక్కు మైనస్ ఎక్స్ వైపు ఉండాలి. ప్రొపెల్లర్, అయిలరాన్లు, ఫ్లాప్స్, రడ్డర్ ఇలా కదిలే ప్రతి భాగం వేరే ఆబ్జెక్ట్‌గా, వేరే పేరుతో ఉండాలి. ప్రొపెల్లర్‌ని తిప్పే ఎక్స్‌ఎంఎల్ దాన్ని పేరుతోనే పిలుస్తుంది, మీరు "సిలిండర్.007" అని వదిలేస్తే రేపు మీకే గుర్తుండదు. ఎక్స్‌పోర్ట్‌కి ముందు స్కేల్ అప్లై చేయాలి, లేదంటే రన్‌వే మీద బొమ్మకారంత హన్సా నిలబడుతుంది.

ఫ్లైట్ మోడల్‌కి మొదట యాసిమ్ చాలు. కొలతలు, బరువు, క్రూజ్ వేగం, దిగేటప్పటి వేగం చెబితే మిగతా లెక్క తనే కట్టుకుంటుంది. రంగులు వేసేదాకా ఆగకుండా బూడిదరంగు బొమ్మతోనే ఎగరేసి చూడండి. తప్పులు అప్పుడే బయటపడతాయి, అప్పుడైతేనే దిద్దడం తేలిక.

ఎక్కడ ఎగరేయాలంటారా? మన పశ్చిమ ప్రకాశంలో విమానాలు దిగే చోటు లేదు, రెండో ప్రపంచయుద్ధం నాటి దొనకొండ ఎయిర్‌స్ట్రిప్ ఒక్కటి మిగిలింది. ఫ్లైట్‌గేర్‌కి రన్‌వేతో పనిలేదు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వేగం ఇచ్చి నేరుగా గాలిలో వదలొచ్చు. 15.38, 78.93 ఇస్తే గిద్దలూరు. అక్కణ్ణించి ఈశాన్యంగా తిప్పితే ఎడమవైపు నల్లమల, దారిలో కంభం, ఆ తర్వాత మార్కాపురం. గాలిదారిన 55 కిలోమీటర్లలోపే, 90 నాట్ల వేగంతో 20 నిమిషాలు. అదే దిక్కులో ఇంకాస్త తూర్పుకి మొగ్గితే దొనకొండ. రన్‌వే కనిపించకపోతే ఎక్స్-ప్లేన్ వాళ్లు ఉచితంగా ఇచ్చే వరల్డ్ ఎడిటర్‌తో గీసుకోవచ్చు. దాని ఫైల్ ఫార్మాట్‌నే ఫ్లైట్‌గేర్ కూడా విమానాశ్రయాలకు వాడుతుంది.