మందును ఓడించే జన్యువులు: రికార్డు మన జిల్లాదే!

సంగారెడ్డి జిల్లాకు ఓ కొసన కంగ్టి, మరో కొసన పటాన్‌చెరు. ఎవరూ కోరుకోని ఓ ప్రపంచ రికార్డు ఈ జిల్లా ఖాతాలోనే పడింది.

అత్యంత చిక్కటి మందునీళ్లు: పటాన్‌చెరులో ఓ మురుగు శుద్ధి కేంద్రం ఉంది; 2007 నాటికి దాదాపు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికే వచ్చేది. అక్కడ శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు! 2007లో ఈ లెక్క వెలువడే నాటికి ప్రపంచంలో మరే వ్యర్థజలంలోనూ ఏ మందూ ఇంత మోతాదులో నమోదు కాలేదు. కొన్ని బ్యాక్టీరియాలకు విషంగా మారే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. రోజుకు 45 కిలోలు బయటికి పోతోందని అప్పటి అంచనా. 500 మిల్లీగ్రాముల గోళీలుగా చేస్తే 90,000! అప్పట్లో 90 లక్షల జనమున్న స్వీడన్ మొత్తం వాడకానికి ఐదు రోజులు సరిపోయేంత. అప్పట్లో ఆ నీళ్లు చేరిన ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

అత్యంత కిక్కిరిసిన చెరువు: ఇదీ మన జిల్లాదే, కాజిపల్లి చెరువు. మందును ఓడించే జన్యువులు ఇందులో 81 రకాలు ఉన్నాయని 2014లో తేలింది. పోలిక కోసం చూసిన స్వీడన్ చెరువులో 8 మాత్రమే. మొత్తం రాశి చూస్తే తేడా సుమారు 7,000 రెట్లు! పైగా ఇవి ఉన్నచోట ఉండవు. ప్లాస్మిడ్లనే డీఎన్‌ఏ ఉంగరాలెక్కి ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారుతుంటాయి.

ఎంతో పురాతనం: తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. ఆ పరిశోధనకు సారథి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. మరి టెట్రాసైక్లిన్‌కు లొంగని జన్యువు వయసెంత? కెనడాలోని యూకాన్ మంచునేలలో 2011లో దొరికిన దానికే 30,000 ఏళ్లు!

అత్యంత ముందుచూపు: పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ 1940 డిసెంబరులో ప్రకటించారు. అక్కడ తొలి రోగికి పెన్సిలిన్ చికిత్స మొదలైంది 1941 ఫిబ్రవరిలో. మందు కంటే విరుగుడే ముందు!

ఎంతో పొడవాటి మడత: ఈ.కోలి బ్యాక్టీరియాలు 500 వరస కడితే ఒక్క మిల్లీమీటరు. ఒక్కోదానిలో జన్యువులుండే డీఎన్‌ఏను సాగదీస్తే దాని ఒంటికి దాదాపు 800 రెట్లు. ఆరడుగుల మనిషి కడుపులో 80 తాటిచెట్ల పొడవు దారం మడిచిపెట్టినట్టు!

అత్యంత వేగం: హార్వర్డ్‌లో 2016లో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పళ్లెం తయారుచేసి, అంచు నుంచి నడిమికి మందు మోతాదు పెంచుతూ పోయారు. ఈ.కోలి పది పన్నెండు రోజుల్లో, మామూలుగా తనను చంపే మోతాదుకు వెయ్యి రెట్లున్న చోటికి చేరి కాపురం పెట్టింది.

అత్యంత చిన్న మీట: టీబీ క్రిమి జన్యు గ్రంథంలో 44 లక్షల అక్షరాలు. పేజీకి 2,000 చొప్పున అచ్చేస్తే 2,200 పేజీలు. రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు లొంగని క్రిముల్లో దాదాపు 95 శాతానికి కారణం అందులో 81 అక్షరాల ముక్కే, అంటే ఆ అచ్చులో సుమారు రెండు వరుసలే! కాజిపల్లిలోనూ 81, ఇక్కడా 81. కాకతాళీయమే అయినా ఆ సంఖ్య నన్ను వదలడం లేదు. తెమడలోని క్రిములను పెంచి చూసే పాత పరీక్షకు వారాలు పట్టేది. ఆ ముక్కలో అక్షరం మారిందో లేదో సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంది.